హెచ్‌ఐవీ మీద పనిచేసేవాళ్లందర్నీ ఒకచోటికి తేవడం ఎలా: ప్రాంతీయ బృందం కట్టే పద్ధతి, మొదటి అడుగు నుంచి

ఆ రోజు సోమవారం. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో రద్దీ. బెంచీలు నిండిపోయి కొందరు మెట్ల మీద కూర్చున్నారు. లోపల కౌన్సెలర్ మేడమ్ ఒకరి గ్రీన్ బుక్‌లో (పేషెంటు చికిత్స వివరాలు రాసే పుస్తకం) తేదీ వేస్తూ, తలెత్తకుండానే నాతో అన్నారు: "సార్, నేను ఈ సీట్లోకొచ్చి ఏడేళ్లయింది. ఈలోగా అయిదు టీములు వచ్చి డేటా రాసుకెళ్లాయి. ఏం తేలిందో ఒక్కళ్లూ మళ్లీ వచ్చి చెప్పలేదు. ఇప్పుడు మీరొచ్చారు."

నేను వెళ్లింది ఆరో టీము తరఫున. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ తర్వాతే మా చుట్టుపక్కల జిల్లాల్లో హెచ్‌ఐవీ మీద పనిచేసే పరిశోధకుల్ని, ప్రభుత్వ సిబ్బందిని, స్వచ్ఛంద సంస్థల్ని, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలైన పాజిటివ్ నెట్‌వర్కుల్ని కలిపే పనిలో పడ్డాను. సరిగ్గా చేసినవాటికంటే తప్పుగా చేసినవే ఎక్కువ. మీ ప్రాంతంలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే ఆ తప్పులు మీరు మళ్లీ చేయనక్కర్లేదని వరసగా రాస్తున్నాను.

ఇంతకీ అవసరం ఉందా అంటే, ఉంది. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 3.2 లక్షలు, తెలంగాణలో 1.5 లక్షలకు పైనే. అంటే దేశం మొత్తంలో దాదాపు అయిదో వంతు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నారు. వయోజనుల్లో వ్యాప్తి దేశానికి 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. మందులు ఉన్నాయి, సెంటర్లు ఉన్నాయి, చదువుకున్నవాళ్లకూ కొదవ లేదు. ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదు, అంతే.

మొదటి అడుగు: పేరు తర్వాత, ముందు ప్రశ్న

చాలామంది బృందానికి పేరు పెట్టడం, లోగో గీయించడం, ప్రారంభ సభ పెట్టడంతో మొదలెడతారు. సభ అయ్యాక ఎవరింటికి వాళ్లు వెళ్తారు. మళ్లీ కలిసేందుకు కారణం ఉండదు. అందుకే ముందు ఒక ప్రశ్న వెతుక్కోండి. అది మీ బుర్రలోంచి కాదు, మందులిచ్చే కౌంటర్ దగ్గర్నుంచి రావాలి.

రెండు నెలలు తీసుకోండి. మూడు నాలుగు ఏఆర్‌టీ సెంటర్లకు, వాటికి అనుబంధంగా ఊళ్లకు దగ్గర్లో మందులిచ్చే ఒకటి రెండు లింక్ సెంటర్లకు, హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీలకు వెళ్లండి. నోట్‌బుక్ తీయకుండా అడగాల్సింది ఒక్కటే: "మీకు రోజూ తలనొప్పి తెచ్చేది ఏది?" కౌన్సెలర్‌ని, ఫార్మసిస్టుని, డేటా మేనేజర్‌ని, బెంచీ మీద కూర్చున్న, తోటివారికి సాయపడే పీర్ వర్కర్ అక్కని, అందర్నీ విడివిడిగా అడగండి. డాక్టరు గదిలో అందర్నీ కూర్చోబెట్టి అడిగితే డాక్టరుగారి జవాబొక్కటే వస్తుంది.

మాకు వచ్చిన జవాబులు రకరకాలు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు ఆలస్యం. వలస కూలీలు సీజన్లో మాయం కావడం. పుట్టుకతోనే వైరస్ సోకిన పిల్లలు పద్దెనిమిదేళ్లు దాటగానే మందులు మానేస్తామని మొండికేయడం. కానీ మూడు చోట్లా వినబడింది ఒకటుంది: ఊరి పక్కనే లింక్ సెంటర్ ఉన్నా, రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వచ్చేవాళ్లు. ఒకాయన్ని అడిగితే నవ్వి, "పక్క సెంటర్లో మందులిచ్చేది మా మేనత్త కొడుకండీ" అన్నాడు. ఆయనకి ఛార్జీలు, ఆ రోజు కూలి, రెండూ పోతాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఖర్చు భరించలేక మందులే మానేస్తే ఎలా? ఇదే మా ప్రశ్న అయింది.

ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. జవాబు దొరికితే సెంటరు వాళ్లు తమ స్థాయిలోనే, ఏడాది లోపు ఏదైనా మార్చగలరా? ఢిల్లీ నుంచి ఆర్డరు వస్తే తప్ప మారనిదైతే దాన్ని రెండో ఏటికి వాయిదా వేయండి.

రెండో అడుగు: ఎవరెవరున్నారో గోడ మీద రాసుకోవడం

ఒక పెద్ద చార్టు తీసుకుని, ఆ ప్రశ్నకు ఎవరి దగ్గర ఏ ముక్క జవాబు ఉందో రాయండి. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, జిల్లా స్థాయి అధికారులు, ఏఆర్‌టీ సెంటర్ల బాధ్యత చూసే నోడల్ ఆఫీసర్లు, సోకే ముప్పు ఎక్కువున్నవారి మధ్య పనిచేసే టీఐ ప్రాజెక్టులు నడిపే ఎన్‌జీవోలు, పాజిటివ్ నెట్‌వర్కులు, మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్, మైక్రోబయాలజీ విభాగాలు. టీబీ ప్రోగ్రామ్ వాళ్లను చాలామంది మర్చిపోతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే కాబట్టి వాళ్లు మొదటి రోజు నుంచీ ఉండాలి.

ఇక పరిశోధన వైపు. సర్వేలెన్స్ (వ్యాధి మీద నిఘా), ఎపిడెమియాలజీ (వ్యాధి ఎవరికి, ఎలా వ్యాపిస్తుందో చూసే శాస్త్రం) నేర్పడానికి చెన్నైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది. ఎంచుకున్న కేంద్రాల్లో పరీక్షలు చేసి వ్యాప్తిని కనిపెట్టే దక్షిణాది రాష్ట్రాల సెంటినెల్ సర్వేలెన్స్‌కి సాంకేతిక సాయం అక్కడి నుంచే అందుతుంది. వైరస్ జన్యువుల స్థాయి పని అయితే హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. అయితే పరిశోధన అంటే హైదరాబాదో చెన్నైయో అనుకోకండి. అనంతపురం ప్రాంతంలో బత్తలపల్లి లాంటి చోట ఉన్న, ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి, తన దగ్గరికొచ్చే హెచ్‌ఐవీ పేషెంట్ల రికార్డుల్ని పద్ధతిగా పెట్టుకుని, వాటి ఆధారంగా అంతర్జాతీయ జర్నళ్లలో ఎన్నో వ్యాసాలు వెలువరించింది. పల్లెటూరి ఆసుపత్రి నుంచి ఆ పని ఎలా సాధ్యమైందంటే, రికార్డు సరిగ్గా రాశారు కాబట్టి.

అందుకే నా సలహా: మీ చార్టులో డేటా మేనేజర్ల పేర్లను ఎర్ర పెన్నుతో రాయండి. ప్రొఫెసర్లు బదిలీ అవుతారు, ఐఏఎస్‌లు బదిలీ అవుతారు. ఏ కాలమ్‌లో ఏ అంకె ఎందుకు తప్పుగా పడిందో చెప్పగలిగేది డేటా మేనేజరే. ఆయన్ని ఏ మీటింగ్‌కీ ఎవరూ పిలవరు. మీరు పిలవండి.

మూడో అడుగు: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు అతిథులు కారు

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి నిర్ణయాల్లో భాగం ఉండాలని 1994లో పారిస్ ఎయిడ్స్ సదస్సులో 42 దేశాలు ఒప్పుకున్నాయి. కాగితం మీద అందరూ ఒప్పుకుంటారు. ఆచరణలో ఏం జరుగుతుందో మా మొదటి మీటింగే చెబుతుంది.

ఊళ్లో ఒక హోటల్లో హాలు బుక్ చేశాం. హాలు ఇచ్చినవాళ్లు మర్యాద చేద్దామనుకుని గుమ్మం దగ్గర బంతిపూల దండ వేసిన బోర్డు పెట్టారు. దాని మీద పెద్ద అక్షరాలతో "హెచ్‌ఐవీ బాధితుల సమావేశానికి స్వాగతం". తప్పు వాళ్లది కాదు, బోర్డు మీద ఏం రాయాలో చెప్పకపోయిన నాది. నెట్‌వర్క్ నుంచి రావాల్సిన తొమ్మిదిమందిలో ఏడుగురు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గరే నిలబడిపోయారు. ఒకావిడ ఫోన్ చేసి, "అన్నా, ఆ బోర్డు కింద నుంచి ఎలా లోపలికి రమ్మంటావ్? మా ఆడపడుచు ఈ వీధిలోనే ఉంటుంది" అంది. బోర్డు తీయించేసరికి ముగ్గురు బస్సెక్కేశారు.

అప్పట్నుంచి మా ఆహ్వానాల్లో, బోర్డుల్లో "ఆరోగ్య సమీక్షా సమావేశం" అని మాత్రమే ఉంటుంది. ఫొటోలు తీయం. ముందే అడిగి, వద్దన్నవాళ్లను ఒకవైపు కూర్చోబెట్టి మిగతావాళ్లను తీయడం కూడా చేయం, ఎందుకంటే అలా కూర్చోబెట్టడమే చెప్పేసినట్టు. మొత్తం మీటింగ్‌కే ఫొటోలు ఉండవు. "బాధితులు" అనే మాట వాడం.

ఇంకో రెండు విషయాల్లో పట్టుదలగా ఉండండి. ఒకటి డబ్బు: ప్రొఫెసరుగారికి నెలజీతం నడుస్తూనే ఉంటుంది. పీర్ వర్కర్‌కి మీటింగ్‌కొచ్చిన రోజు కూలి పోతుంది. ఛార్జీలూ, కూలీ అదే రోజు, అక్కడికక్కడే ఇవ్వండి, బిల్లులు పెట్టుకుని రెండు నెలలాగమనకండి. రెండు, ఒక్కరిని పిలిచి అందరి తరఫునా మాట్లాడమనకండి. భర్త ద్వారా సోకిన గృహిణి సమస్య వేరు, సెక్స్ వర్కర్ సమస్య వేరు, ట్రాన్స్ మహిళలది వేరు, కుర్రాళ్లది వేరు. ప్రశ్న ఎంచుకునేటప్పుడే వీళ్లలో కనీసం ముగ్గురు నలుగురికి ఓటు ఉండాలి. ఫారం ప్రింటయ్యాక చూపిస్తే వాళ్లు చేయగలిగింది సంతకం పెట్టడమే.

భాష సంగతి చెప్పనక్కర్లేదు. మీటింగ్ తెలుగులో జరగాలి. ఇంగ్లిష్ స్లైడు వేసుకోండి, కానీ తెలుగులో చెప్పలేని పరిశోధకుడికి తన ప్రశ్న ఇంకా పూర్తిగా అర్థం కాలేదని నా అనుమానం.

నాలుగో అడుగు: అనుమతుల వరస

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఏఆర్‌టీ సెంటర్లలోని సమాచారం జాతీయ కార్యక్రమానిది. నోడల్ ఆఫీసరు మీ క్లాస్‌మేట్ అయినంత మాత్రాన రిజిస్టరు తెరవడం కుదరదు. ముందు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టరుకి ఉత్తరం రాయండి. దాంతోపాటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) అనుమతి ఎలా తీసుకోవాలో అక్కడే అడిగి తెలుసుకోండి. పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు చూసే సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి, ఆ కమిటీ రిజిస్టరై ఉందో లేదో చూసుకోండి. విదేశీ విశ్వవిద్యాలయం భాగస్వామి అయితే ఆరోగ్య మంత్రిత్వశాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కూడా కావాలి, అది ఐసీఎంఆర్ ద్వారా వెళ్తుంది. మందుల ట్రయల్ అయితే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే ట్రయల్స్‌కి దేశవ్యాప్త రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు కావాలి.

ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి. అందులో ఒక వాక్యం మాత్రం తప్పక పెట్టండి: మీ సిబ్బందికి దీనివల్ల వారానికి ఎన్ని గంటల పని పెరుగుతుంది, ఆ గంటల్ని మేం ఎలా భర్తీ చేస్తాం. అధికారి మొదట వెతికేది ఆ వాక్యమే. అది కనబడితే ఫైలు కదులుతుంది. కనబడకపోతే "డిస్కస్" అని రాసి పక్కన పెడతారు.

అయిదో అడుగు: రిజిస్ట్రేషన్, ఒప్పందం

తొందరపడి సొసైటీ రిజిస్టర్ చేయకండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. కానీ రిజిస్టరయిన మర్నాటి నుంచి అధ్యక్షుడెవరన్న గొడవ మొదలవుతుంది. మొదటి ఏడాది ఏదో ఒక మెడికల్ కాలేజీయో సంస్థో ఆతిథ్యం ఇచ్చేలా చూసుకుని, రెండు పేజీల ఒప్పంద పత్రంతో నడిపించండి. డేటా ఎవరి దగ్గర ఉంటుంది, వ్యాసంలో ఎవరి పేర్లు ఏ వరసలో వస్తాయి, ఎవరైనా తప్పుకుంటే ఏం జరుగుతుంది, ఈ మూడూ ఉంటే చాలు. పేర్ల వరస గురించి ముందే మాట్లాడుకోవడం ఇబ్బందిగానే ఉంటుంది. వ్యాసం అచ్చయ్యాక మాట్లాడుకోవడం ఇంకా ఇబ్బంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

విదేశీ నిధులు ఆశిస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించాక, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదలాయించడానికి వీల్లేదు. పాలనా ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. అంటే పెద్ద ఎన్‌జీవో డబ్బు తెచ్చి చిన్న నెట్‌వర్కులకు పంచే పాత పద్ధతి ఇక కుదరదు. బడ్జెట్ వేసే ముందే ఆడిటర్‌తో కూర్చోండి.

ఆరో అడుగు: గోప్యత, వాట్సాప్ దగ్గర్నుంచి

2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పరిశోధనలో చేర్చుకోవాలంటే తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి, హెచ్‌ఐవీ స్థితి ఇతరులకు వెల్లడించకూడదు, రికార్డులున్న ప్రతి సంస్థా వాటిని కాపాడే ఏర్పాట్లు చేయాలి అని చట్టం చెబుతోంది. అందరికీ తెలిసినట్టే ఉంటుంది. మా గ్రూపులో ఒక సాయంత్రం ఒకరు "ఈ నలుగురూ ఫోన్ ఎత్తడం లేదు, ఎవరికైనా తెలుసా" అంటూ రిజిస్టరు పేజీ ఫొటో పెట్టేశారు. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు అన్నీ కనబడుతున్నాయి. పావుగంటలో తీయించాం, కానీ అప్పటికే చూసినవాళ్లు చూశారు. పెట్టిన మనిషి ఆ నలుగురి మంచి కోరే పెట్టారు. టెన్షన్‌తో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మేం పెట్టుకున్న నియమాలివి:

- వాట్సాప్‌లో మీటింగ్ టైము, చోటు తప్ప ఇంకేమీ ఉండదు. ఏ రకమైన ఫొటో అయినా నిషేధం.
- పరిశోధన ఫైల్లో కోడ్ నంబర్లే ఉంటాయి. కోడ్‌కీ పేరుకీ లంకె ఉన్న జాబితా సెంటరు బీరువా దాటి రాదు.
- పట్టికలో ఏ గడిలోనైనా అయిదుగురి కంటే తక్కువ ఉంటే అంకె రాయం. మండలంలో ట్రాన్స్ మహిళలు ముగ్గురే ఉంటే, "ఒకరు మందులు మానేశారు" అని రాయడం ఆమె పేరు రాయడంతో సమానం.
- ఇంటికి ఫోన్ చేసేది సెంటరు వాళ్లే, పరిశోధక విద్యార్థి కాదు.

ఏడో అడుగు: నెలకో గంట

బృందాన్ని బతికించేది వార్షిక సదస్సు కాదు, నెలనెలా జరిగే ఒక గంట. మాది రెండో గురువారం, మధ్యాహ్నం మూడింటికి. అప్పటికి ఓపీ రద్దీ తగ్గుతుంది. ఆన్‌లైన్లోనే. అమెరికాలో న్యూమెక్సికోలో 2003లో మొదలైన ఎకో పద్ధతిని మా అవసరానికి తగ్గట్టు మలుచుకున్నాం: పేరు, ఊరు లేకుండా ఒక కేసు, దాని మీద అందరి చర్చ, చివర్లో పది నిమిషాలు పాఠం.

ఒక కేసు చెబుతాను. ఒకావిడకి హెచ్‌ఐవీకి తోడు టీబీ వచ్చింది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, హెచ్‌ఐవీ మందుల్లోని డోలుటెగ్రావిర్‌ని రక్తంలో నిలవకుండా తగ్గించేస్తుంది. అందుకని రోజువారీ మాత్రకి తోడు 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఇంకొకటి వేసుకోవాలి. ఇదంతా మెడిసిన్ ప్రొఫెసర్ చక్కగా వివరించారు. ఆవిడకీ సెంటర్లో వివరంగానే చెప్పారు. అయినా రెండో మాత్ర మిగిలిపోతోంది. ఎందుకో డాక్టర్లు తలా ఒక కారణం చెప్పారు. అంతా విన్నాక పీర్ వర్కర్ అక్క మైకు ఆన్ చేసి, "సార్, ఆవిడ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది కదా. పొద్దున మాత్ర ఎవరూ లేవకముందే వేసుకుంటుంది. రాత్రి మాత్ర టైముకి అత్తగారు, తోడికోడలు అందరూ హాల్లోనే ఉంటారు. పొద్దున మాత్ర ఏడింటికి, షెడ్డుకి బయల్దేరే టైముకి, రాత్రిది తిరిగొచ్చే బస్సులో వేసుకోమనండి" అంది. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు పాఠం చెప్పింది ఆవిడే.

ఎనిమిదో అడుగు: డబ్బు ఆగిపోయినా నడిచేలా

డబ్బు గురించి మన ప్రాంతం రెండు పాఠాలు చూసింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో నడిచింది. వెళ్లిపోయేటప్పుడు కొన్నేళ్లపాటు విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. రెండో పాఠం హైదరాబాద్‌ది. 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసమే అమెరికా సాయంతో తెరిచిన మిత్ర్ క్లినిక్, 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం నిలిపేసిన కొద్ది వారాలకే మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్ల లోపం ఏమీ లేదు. ఒక్క చేతి మీద ఆధారపడితే అంతే.

అందుకే ఖర్చు రెండు ఖాతాలుగా వేసుకోండి. బృందం బతకడానికి కావలసింది: ఛార్జీలు, కూలి భర్తీ, టీ టిఫిన్లు, సగం రోజు పనిచేసే ఒక కోఆర్డినేటర్ జీతం. ఇది స్థానికంగానే, కాలేజీ నుంచో దాతల నుంచో రావాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే. అధ్యయనాల ఖర్చు వేరే ఖాతా. గ్రాంటు వస్తే చేస్తాం, రాకపోతే చిన్నది చేస్తాం.

తొమ్మిదో అడుగు: తిరిగి వెళ్లి చెప్పడం

మొదటి అధ్యయనం ఏడాదిలో అయిపోయేంత చిన్నదిగా ఉండాలి. రెండు మూడు సెంటర్లు, ఒకే ప్రశ్న, ఉన్న రికార్డులు, కొన్ని ముఖాముఖి సంభాషణలు. పూర్తికాగానే, జర్నలుకు పంపకముందే, వెనక్కి వెళ్లాలి. అందుకు తేదీ ప్రోటోకాల్‌లోనే (అధ్యయన ప్రణాళికలోనే) రాయండి, లేకపోతే వెళ్లరు. నేనూ వెళ్లేవాణ్ని కాదేమో.

మేం ఒక ఏ4 కాగితం మీద, రెండు వైపులా, తెలుగులో రాసుకుని అదే సెంటరుకి వెళ్లాం. ఓపీ అయిపోయాక కౌన్సెలర్ మేడమ్, ఫార్మసిస్టు, డేటా మేనేజర్, ఇద్దరు పీర్ వర్కర్లు కూర్చున్నారు. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. మందులు ఆపేసినవాళ్ల వరస దగ్గర ఆగి పెన్సిల్ అడిగారు.

"వీళ్లలో కొందరు ఆపలేదు సార్. చెప్పకుండా వేరే జిల్లా సెంటర్లో కొత్తగా పేరు రాయించుకున్నారు. మా రిజిస్టర్లో ఎల్‌ఎఫ్‌యూ, అంటే రావడం మానేసి ఆచూకీ లేనివాళ్ల కింద ఉండిపోయారు. మీ లెక్కలో చచ్చిపోయినట్టే కదా?"

డేటా మేనేజర్ తలూపాడు. ఆయనకి ముందే తెలుసట, మేం అడగలేదు. దూరం వెళ్లేవాళ్ల గురించే అధ్యయనం చేసి, దూరం వెళ్లిపోయినవాళ్లనే లెక్క తప్పాం. వ్యాసం ఆపేసి, మూడు సెంటర్ల జాబితాల్ని ఆయా సెంటర్ల సిబ్బంది చేతనే సరిచూయించడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

లేచేటప్పుడు మేడమ్ ఆ కాగితాన్ని రిజిస్టరులో పెట్టుకుంటూ, "సరిచేసింది కూడా తెస్తారుగా?" అన్నారు.